పొట్లము మీది మాట



ఈ నెల వాక్యధ్యానముతో కాక ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాను. మన తప్పిదములను ఒకరితో ఒకరు ఒప్పుకొనవలెనని యాకోబు తన పత్రికలో వ్రాశాడు గదా. అది విశ్వాసులకే గాని కాపరికి వర్తించదని ఆయన ఎక్కడా వ్రాయలేదు.

2023 మే నెలలో జరిగిన సంగతి. హయత్‌నగర్ దాటి లోపలికి వెళ్ళే పల్లెలలో మన సంఘపు కుటుంబము ఒకటి ఉన్నది. ఊరి పేరు, వారి పేర్లు వ్రాయను. తండ్రి సెంట్రింగు పనికి వెళ్తాడు. తల్లి ఇంటి దగ్గరనే ఉండి పద్నాలుగు నెలల పాపను చూసుకుంటున్నది. ఎండలు మండిపోతున్న రోజులు. పాపకు మోషన్లు పట్టుకున్నవని, ప్రార్థన చేయమని కబురు వస్తే సాయంకాలము నేనును అమ్మగారును వెళ్ళాము.

పాప తల్లి భుజము మీద వాలిపోయి ఉన్నది. “రెండు దినాలాయె అయ్యగారూ. ఓఆర్‌ఎస్ తాపుతనే ఉన్నం. అయినా తగ్గుతలేదు” అన్నది ఆ చెల్లెలు. మంచము ప్రక్కన స్టూలు మీద నాలుగు ఖాళీ డబ్బాలున్నవి. అట్ట డబ్బాలు, స్ట్రా గుచ్చుకొని త్రాగేవి. మీద పండు బొమ్మ, నీటి చుక్కల బొమ్మ, పెద్ద అక్షరములతో పేరు. ఆ పేరులో ఓ, ఆర్, ఎస్ అనే మూడు ఇంగ్లీషు అక్షరములు స్పష్టముగా కనబడుతున్నవి. నేను ఒక డబ్బా చేతిలోకి తీసుకొని చూచి, “మంచి పని చేస్తున్నారమ్మా, ఇదే ఇవ్వండి, ఆపకండి” అని చెప్పాను. ప్రార్థన చేశాను. ఇంటికి వచ్చాను.

తెల్లవారుజామున ఫోను. పాప కళ్ళు లోపలికి పోయినవి, రాత్రి నుండి మూత్రము లేదు, పిలిస్తే పలుకుట లేదు. ఆటో మాట్లాడుకొని సర్కారు దవాఖానకు తీసుకువెళ్ళాము. అక్కడి డాక్టరమ్మ సెలైను పెట్టించి, తరువాత మమ్మును పిలిచి ఏమి తాపించినారని అడిగినది. తల్లి సంచిలోనుండి డబ్బా తీసి చూపించినది.

“ఇది ఓఆర్‌ఎస్ అని మీకు ఎవరు చెప్పిండ్రు?”

ఆ చెల్లెలు ఏమీ అనలేదు. నా వైపు చూచినది. అంతే.

డాక్టరమ్మ కోపపడలేదు. డబ్బాను త్రిప్పి, ఒక మూలన చీమ తలంత అక్షరములలో ఉన్న వరుసను వేలితో చూపించినది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదు అని ఇంగ్లీషులో అక్కడ అచ్చువేసి ఉన్నది. నా కళ్ళజోడు పెట్టుకొని, డబ్బాను కిటికీ వెలుతురుకు పట్టుకొంటే గాని నాకు కనబడలేదు. చక్కెర ఎంత అన్నది కూడా ఆ ప్రక్కనే ఉన్నది. రెండు వందల మిల్లీలీటర్ల డబ్బాలో ఇరువది గ్రాములకు పైనే.

దేవుడు కనికరించి పాపను నిలబెట్టినాడు. మూడవ రోజు ఇంటికి పంపించారు. వారము తరువాత ఆ తల్లి ఆరాధన అయిపోయిన పిమ్మట నా దగ్గరకు వచ్చి, “మేమంటె సదువురానోళ్లం. మీరు సదువుకున్నోళ్లు గదా అని నమ్మినం అయ్యగారూ” అన్నది. నన్ను నిందించుటకు అనలేదు, ఉన్న మాట అన్నది. ఆ డబ్బా ఏ కంపెనీదో ఇక్కడ వ్రాయను. ఆ రోజులలో అటువంటి పేర్లతో ఒకటి కాదు, అనేక కంపెనీల పానీయములు మందుల షాపులలో వరుసగా పెట్టి ఉండేవి. నేను చెప్పవలసినది నా తప్పు. పేరు చదివాను, వెనుక చదువలేదు.

యెహోషువ గ్రంథము 9వ అధ్యాయములో గిబియోను వారి కథ మీకు తెలుసు. ప్రక్క ఊరివారే, మూడు రోజుల ప్రయాణమంత దూరములో లేరు. అయినా పాత గోనెలు గాడిదల మీద వేసుకొని, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు పట్టుకొని వచ్చి, బహు దూరదేశమునుండి వచ్చినామని చెప్పారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెను చూచారు, ముట్టుకున్నారు, ఒప్పుకున్నారు. యెహోవాను మాత్రము అడుగలేదు. నేను ఈ భాగము మీద కనీసము పదిసార్లు ప్రసంగించి ఉంటాను. ప్రతిసారి ప్రార్థన లేని నిర్ణయముల గురించియే చెప్పాను. ఆ రొట్టె సంగతి, అనగా పైకి కనబడే సరుకును చూచి మోసపోయిన సంగతి, ఆ డబ్బా చేతిలో పట్టుకొనే వరకు నాకు తట్టలేదు. మరొకటి. నేను ఆ ఇంటిలో ప్రార్థన చేశాను. ప్రార్థన చేయనందువలన కాదు, చదువనందువలన మోసపోయాను.

ఇక అసలు ఓఆర్‌ఎస్ అనగా ఏమిటో, దానికీ ఈ తీపి నీళ్ళకూ తేడా ఏమిటో కొంచెము ఓపికగా చెప్పుకుందాము. ఇది తెలిస్తే మిగతాది సులభము.

విరేచనములలో పోయేది నీరు ఒక్కటే కాదు. నీటితో ఉప్పు, పొటాషియము అనే లవణము కూడ పోతాయి. ఉత్త నీళ్ళు తాపిస్తే పేగు వాటిని సరిగా పట్టుకోలేదు. మన చిన్నపేగు గోడలలో దేవుడు ఒక ఏర్పాటు చేసి పెట్టాడు. ఉప్పులోని సోడియమును, గ్లూకోజును కలిపి ఒకే ద్వారము గుండా లోనికి తీసుకునే ఏర్పాటు అది. ఆ రెండింటి వెంట నీరు లోనికి వెళ్తుంది. విరేచనములు పట్టినప్పుడు కూడ ఆ ద్వారము మూసుకుపోదు. అందుచేత ఉప్పు, గ్లూకోజు సరియైన పాళ్ళలో కలిపి తాపిస్తే పేగు నీటిని లోపలికి తీసుకుంటుంది. పాలు తప్పితే, చక్కెర మితిమీరితే, పేగులోనికి చేరిన ఆ చిక్కని తీపి శరీరములో మిగిలిన నీటిని కూడ తిరిగి పేగులోనికి లాగుతుంది. మోషన్లు తగ్గవలసినవి పెరుగుతాయి. మన పాపకు జరిగినది అదే.

ఆ పాళ్ళు లీటరు నీటికి ఇవి: మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు. మొత్తము 20.5 గ్రాములు. పెద్ద పొడి పొట్లము మీద ఈ బరువు వ్రాసి ఉంటుంది. మొదట ఉన్న పాళ్ళలో గ్లూకోజు లీటరుకు 20 గ్రాములుండేది. అది కూడ కొంచెము ఎక్కువేనని తేలి, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి తగ్గించాయి. ఆలోచించండి. లీటరుకు 20 గ్రాములే ఎక్కువ అని తగ్గించినచోట, లీటరుకు నూరు గ్రాములకు పైన తీపి ఉన్న పానీయమునకు అదే మూడక్షరములు తగిలించి, పిల్లల మందుల ప్రక్కన అమ్మారు.

ఈ చిన్న పొట్లము వెనుక మన దేశపు కష్టము ఒకటి ఉన్నది. 1971లో తూర్పు పాకిస్తాను నుండి లక్షలమంది శరణార్థులు పశ్చిమ బెంగాలులోనికి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరములో కలరా వ్యాపించినది. నరములోనికి ఎక్కించు సెలైను అయిపోయినది. దిలీప్ మహలనబిస్ అను డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా తూచి కలిపించి, డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాపించాడు. వందమందిలో ముప్ఫైమంది వరకు చనిపోతున్నచోట ఆ సంఖ్య నాలుగుకు లోపు దిగినది. ఆయన 2022 అక్టోబరులో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరము దేశము ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చినది. ఇప్పటికీ ప్రపంచమంతట ఏటా నాలుగు లక్షలకు పైగా ఐదేండ్లలోపు పిల్లలు ఈ విరేచనములకే బలి అవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పుచున్నది. అటువంటి వ్యాధికి ఉన్న మందు పేరును తీపి నీళ్ళకు పెట్టడము ఎంతటి మాటయో మీరే చూడండి.

ఈ సంగతి మన హైదరాబాదులోనే ఒక తల్లి పట్టుకున్నది. పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు సుమారు ఎనిమిది సంవత్సరములు దీని మీద పోరాడారు. తన దగ్గరకు వచ్చే తల్లులు ఓఆర్‌ఎస్ తాపుతున్నామని చెప్పి ఈ తీపి డబ్బాలు చూపించుట ఆమె కంటపడినది. ఉత్తరములు వ్రాశారు, వీడియోలలో చెప్పారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేశారు. 2022 ఏప్రిలులో ఢిల్లీలోని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటారు) ఇటువంటి పానీయముల మీద ఆ పేరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చినది. సంతోషించేలోగా అదే సంవత్సరము జూలైలో మరొక ఉత్తర్వు వచ్చినది. ట్రేడ్‌మార్కు పేరులో భాగముగా ఆ అక్షరములు ఉంచుకొనవచ్చును, కాని ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద వ్రాయవలెను అని దాని సారాంశము. నేను 2023లో కిటికీ దగ్గర చదివిన చీమ అక్షరములు ఈ ఉత్తర్వు పుణ్యమే.

ఈ ఏర్పాటు ఎంత విచిత్రమో చూడండి. ముందు వైపు పెద్ద అక్షరములలో ఔను అని, వెనుక వైపు చిన్న అక్షరములలో కాదు అని. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి ఉంచుకొని, కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి తీసే వర్తకుని దేవుడు అసహ్యించుకొన్నాడు. ఆ వర్తకుడు కనీసము రెండవ రాయిని దాచిపెట్టుకున్నాడు. మన కాలములో రెండు రాళ్ళూ ఒకే డబ్బా మీద అచ్చువేసి, చదువుకోవలసిన భారము నీదే అంటున్నారు. ఇంగ్లీషు రాని తల్లికి, రాత్రి పూట, చేతిలో పాప ఏడుస్తుండగా!

చివరకు 2025 అక్టోబరు 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తన పాత అనుమతులను రద్దు చేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు లేని ఏ పానీయము పేరులోను, ముందు గాని వెనుక గాని, ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండరాదన్నది. ఆ వార్త చెప్పుచు శివరంజని గారు వీడియోలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. కాని కథ అక్కడితో ముగియలేదు. మూడు రోజులకే, ఓఆర్‌ఎస్‌ఎల్ అను పేరుతో అమ్ముతున్న కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి తాత్కాలిక ఊరట తెచ్చుకున్నది. మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడ తన పానీయము విషయమై అదే కోర్టుకు వెళ్ళినది గాని, అక్టోబరు 31న కోర్టు వారి మాట అంగీకరించలేదు. ప్రజల ఆరోగ్యము సంగతి కనుక నిషేధములో జోక్యము చేసుకొనలేదు. నవంబరు 19న దుకాణముల నుండి, ఇంటర్నెట్టు అమ్మకముల నుండి వీటిని తీయించమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అన్ని రాష్ట్రములకు వ్రాసినది.

ఒక్క మాట న్యాయముగా చెప్పాలి. ఆ పానీయములు విషము కావు. ఆరోగ్యముగా ఉన్న మనిషి ఎండలో పని చేసి వచ్చి తీపి నీళ్ళు త్రాగితే ఏమీ కాదు. తప్పు ఆ నీళ్ళలో లేదు, ఆ పేరులో ఉన్నది, ఏ అరలో పెట్టి అమ్మారో అందులో ఉన్నది. కనుక పేరు మార్చుకొని మళ్ళీ అదే అరలోనికి వస్తే ఏమి చేయాలో కూడ మనకు తెలిసి ఉండాలి.

మన తల్లులు గుర్తుంచుకోవలసినది ఇది. విరేచనములకు డబ్బాలో తయారుగా ఉన్న తీపి నీళ్ళు అడుగవద్దు. పొడి పొట్లము అడగండి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదేమో షాపువాని చేత చదివించుకోండి. డబ్బులు పెట్టి కొననక్కరలేదు కూడ, అంగన్‌వాడీలోనో, ఆశా కార్యకర్త దగ్గరనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనో అడిగితే ఇస్తారు. పెద్ద పొట్లమునకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. సగము పొట్లము, గ్లాసు నీళ్ళు అని అందాజుగా కలుపవద్దు, చిక్కనైతే అదీ అపాయమే. కలిపినది ఇరువది నాలుగు గంటలలో వాడి, మిగిలితే పారబోయండి. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి మోషను తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకంటె పెద్ద పిల్లలకు 100 నుండి 200, చెంచాతో నెమ్మదిగా. వాంతి అయితే పది నిమిషములు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. జింకు మాత్రలు కూడ అక్కడనే ఇస్తారు, మోషన్లు ఆగినా పద్నాలుగు రోజులూ వేయాలి. పొట్లము దొరకని రాత్రి అయితే లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా చిన్నది, టీ చెంచా. మన ఇండ్లలోని కూర చెంచా కాదు. కళ్ళు లోపలికి పోయినా, మూత్రము ఆగినా, మోషన్లో రక్తము పడినా, బిడ్డ త్రాగలేక మత్తుగా ఉన్నా తెల్లవారే వరకు ఆగవద్దు. నన్ను ప్రార్థనకు పిలిచేది దవాఖానకే పిలవండి, వస్తాను.

ఈ సంగతి తరువాత నాకు ఒక అలవాటు పట్టుకున్నది. ఏ పొట్లము దొరికినా వెనుకకు త్రిప్పుట. అమ్మగారు నవ్వుతున్నది గాని మానలేకపోతున్నాను. అట్లు త్రిప్పుచుండగా ఒక శనివారము సాయంకాలము ప్రభురాత్రి భోజనమునకు మేము ఎన్నో ఏండ్లుగా కొంటున్న ద్రాక్ష పానీయపు సీసా నా చేతికి వచ్చినది. ముందు వైపు మిలమిల మెరిసే ద్రాక్ష గెల. వెనుక వైపు పదార్థముల వరుసలో మొదట నీరు, తరువాత చక్కెర, ఆ తరువాత గాని ద్రాక్షరసము లేదు, దాని వెంట రంగు, వాసన. చట్టము ప్రకారము ఏది బరువులో ఎక్కువో అదే ముందు వ్రాయాలి. అనగా మేము ప్రభువు బల్ల మీద పెడుతున్నది చాలావరకు రంగు చక్కెర నీళ్ళు!

మరుసటి నెల బాటసింగారము పండ్ల మార్కెట్టు నుండి నల్ల ద్రాక్ష తెప్పించాము. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు పొందిన రంగారెడ్డి జిల్లాలో ఉండి సీసా కొనుట ఏమిటని మన పెద్దలు ఒకరు నవ్వారు కూడ. స్త్రీల సమాజమువారు కడిగి, ఉడికించి, బట్టలో వడగట్టారు. రసము కొంచెము పులుపుగా ఉన్నది. పాతకాలపు ముసలమ్మ ఒకామె మాత్రము, “చిన్నప్పుడు దొరలు ఉన్నప్పుడు ఇట్లనే ఉండేది” అన్నది. కాయలు దొరకని కాలములో ఏమి చేయాలో ఇంకా తేలలేదు. ఎండుద్రాక్ష నానబెట్టి ఉడికించవచ్చునని అమ్మగారు అంటున్నది.

ఈ వరుస చూచే పద్ధతి ఒక్కటి నేర్చుకుంటే చాలా మోసములు మనకే దొరుకుతాయి. గోధుమ బిస్కట్టు, పలు ధాన్యముల బిస్కట్టు అని ఉంటుంది, వరుసలో మొదటి మాట మైదా. చక్కెర వరుసలో వెనుక ఉన్నదని సంబరపడేలోగా, లిక్విడ్ గ్లూకోజు, ఇన్వర్టు సిరప్పు, మాల్టోడెక్స్‌ట్రిను అని దాని బంధువులు మరో మూడు పేర్లతో వచ్చి కూర్చుంటాయి. నూనె సీసా మీద కొలెస్ట్రాలు లేదని గొప్పగా ఉంటుంది. గింజలనుండి తీసిన ఏ నూనెలోనూ అది ఉండదు, మన గానుగ నూనెలోనూ ఉండదు. గాలిలో రాళ్ళు లేవని అమ్మినట్లు. పండ్లరసము డబ్బాల మీద నూటికి నూరు శాతము పండు అని వేసుకునేవారు, చిక్కని రసములో నీళ్ళు కలిపి చేసిన వాటి మీద ఆ మాట తీసివేయమని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పవలసి వచ్చినది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో దేశ ప్రజలకు 17 ఆహార సూచనలు ప్రకటించినది. లేబులు చదివి కొనుక్కొనుట వాటిలో ఒకటి. పండు అని చెప్పుకొనే పానీయములో పదవవంతు మాత్రమే పండు ఉండవచ్చునని కూడ వారు హెచ్చరించారు.

పాలలో కలిపే పొడుల సంగతి తల్లులు బాధపడకుండ వినాలి. పిల్లవాడు ఎత్తు పెరుగుతాడని, చదువులో ముందుంటాడని ఇంటి ఖర్చులో కోత పెట్టుకొని కొనే డబ్బాలవి. హెల్త్ డ్రింకు అన్న మాటకు మన ఆహార చట్టములో అసలు అర్థమే లేదని తేలి, 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా మొదలైన పానీయములను ఆ వరుసలో చూపవద్దని ఇంటర్నెట్టు దుకాణములకు చెప్పినది. ఆ నెలలోనే హార్లిక్స్ కంపెనీ తానే ఆ వరుస పేరు మార్చుకున్నది. ఒక కోడిగుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులున్నవి. పెంకు మీద ఎవరూ ఏమీ అచ్చువేయరు గనుక దానికి గౌరవము లేదు.

ఇప్పుడు కొంచెము చేదు మాట. మన కూడికలకే కొందరు సహోదరులు పొడి డబ్బాలు తెచ్చి అమ్ముతున్నారు. షుగరు పోతుంది, బీపీ పోతుంది, మోకాళ్ళ నొప్పులు పోతాయి అని చెప్పి, తరువాత మీరును ఇద్దరిని చేర్పించండి అంటున్నారు. ఒక డబ్బా మీద వాక్యము కూడ అచ్చువేసి ఉన్నది. ఆహార పదార్థము రోగమును నయము చేయునని చెప్పుట ఆహార చట్టమునకు విరుద్ధము. మధుమేహము వంటి రోగములకు నయము చేసే మందు అని ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. మన తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు అటువంటి సరుకును పట్టుకున్నారన్న వార్తలు పేపర్లో తరచు వస్తూనే ఉన్నవి. షుగరు మాత్రలు మానివేసి ఈ పొడి త్రాగిన ఒక పెద్దాయన కాలి పుండుతో మంచము పట్టినది మన సంఘములోనే జరిగినది. కనుక ఇకనుండి మందిర ఆవరణములో ఏ డబ్బా అమ్మకమూ ఉండదని సంఘ పెద్దలు తీర్మానించారు. సహోదరులు మన్నించాలి. మోసపు పేరున్న డబ్బా ఎక్కడైనా కనబడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఉచిత ఫోను 1800112100కు గాని, వినియోగదారుల సహాయ నంబరు 1915కు గాని చెప్పవచ్చును. డబ్బా నాలుగు వైపులా ఫోటో, కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి.

ఆ పాప ఇప్పుడు సండే స్కూలుకు వస్తున్నది. మొన్న వర్షములప్పుడు ప్రక్కింటి పిల్లవానికి మోషన్లు అయితే ఆ తల్లియే షాపుకు వెళ్ళినదట. షాపువాడు ఏదో పండ్ల పానీయము చేతిలో పెట్టబోతే, “గది గాదు, పొడి ఇయ్యి. లీటర్ నీళ్లల్ల కలిపేది” అని అడిగి తెచ్చినదట. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు, ప్రక్కింటివారు చెప్పారు.

వచ్చే నెల రెండవ ఆదివారము ఆరాధన తరువాత సండే స్కూలు పిల్లలందరు తమ ఇంటిలోని ఖాళీ బిస్కట్టు, చిప్సు, పానీయపు పొట్లములు ఒక్కొక్కటి తేవలెను. పెద్దలు కూడ ఉండవచ్చును. ముందు వైపు ఒకరు, వెనుక వైపు ఒకరు గట్టిగా చదువుతారు, ఇంగ్లీషులో ఉన్నదానిని కాలేజీ పిల్లలు తెలుగులో చెప్తారు. భూతద్దము నేను తెస్తాను.